శాస్త్రవాదములలో దాగియుండు భేదములు

పండితు లిరువురు సభలో వాదించునపుడు వారి భేదమంతయు సిద్ధాంతమునందే కలదని శ్రోతలు తలంతురు. తరచుగా నట్లు గాదు. ఒకే పదమునకు చెరియొక యర్థమును మనసున నుంచుకొని, ఆ సంగతి వెల్లడింపకయే ప్రమాణములు గుప్పించుచుందురు.

వితంతువివాహవాదమునే చూడుడు. 1855లో ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు పరాశరస్మృతి నాధారముగ గొని, భర్త కానరాకపోయినను, మరణించినను, సన్యసించినను, నపుంసకుడైనను, పతితుడైనను స్త్రీకి అన్యపతి విహితుడని చూపెను. ప్రతిపక్షులలో కొందఱు అచ్చటి "పతౌ" అను రూపమును పట్టుకొనిరి. పాణినీయము ననుసరించి ఒంటిగా నున్న పతిశబ్దమునకు సప్తమి "పత్యౌ". "పతౌ" యనునది సమాసమందే సాధువు. కావున దాని ముందున్న "పతితే" అను పదము తరువాత అకారము లోపించినదనియు, "అపతౌ" అని గ్రహింపవలెననియు వారి మతము. అనగా పెండ్లి కాక వాగ్దానము మాత్రమే జరిగిన వరుడట! చెవికి రెండు పాఠములు నొక్కటే. ఒక్క యకారమున నెందఱు బాలికల బ్రదుకు లిమిడియున్నవో!

అయితే ఈ శ్లోకమే నారదస్మృతియందును గలదు. అచ్చట వెంటనే, దేశాంతరగతుడైన భర్తకై బ్రాహ్మణస్త్రీ యెనిమిదేండ్లును, బిడ్డలు కలుగనిదైనచో నాలుగేండ్లును వేచియుండవలెనని చెప్పబడినది. వాగ్దత్తయైన కన్యకు బిడ్డల ప్రసక్తి యెక్కడిది?

మఱికొందఱు మాధవాచార్యుని వ్యాఖ్యను చూపిరి. ఆయన శ్లోకము పునర్వివాహపరమే యని యంగీకరించి, అది యుగాంతరవిషయమనెను. పరాశరస్మృతి కలిధర్మములకే యేర్పడినదనుట యట్లుండనిండు. పదము వాగ్దత్తపరమైనచో దానిని వేఱొక యుగమునకు నెట్టవలసిన పనియే లేదు గదా! ఈ రెండాక్షేపములు నొకదాని నొకటి ఖండించుచున్నను, ఒకే పక్షమున నిలిచినందున ఆ వైరమెవరి కంటను పడలేదు.

వీనికంటె లోతుగా దాగినది మఱొకటి కలదు. వేదము నిర్దోషమను మతమును దేవేంద్రనాథ ఠాకూరుగారు 1850 ప్రాంతమున విడిచిరి. శాస్త్రము నిషేధించినను ఈ వివాహము ధర్మమే యని మనలో పలువురు నమ్ముదురు. శాస్త్ర మనుమతించినను ఆచారవిరుద్ధమే యని ఎదుటివారిలో పలువురు. అట్టివారి నడుమ "పతౌ" విచారమెంత సూక్ష్మముగ జరిగినను తగవు తీఱునా?

1856లో పునర్వివాహమును చట్టసమ్మతము చేయు శాసనము వెలువడెను. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగముగారు తొలి వితంతువివాహమును జరిపించిరి. దానికి వచ్చినవారికి వెలి పడినది.