100 రూపాయలకు 144 రూపాయలు

1949 సెప్టెంబరు వరకు భారత, పాకిస్తాన్ రూపాయలు సరిసమానం. ఆ నెలలో బ్రిటన్ పౌను విలువను తగ్గించగా భారతదేశమూ అనుసరించింది. డాలరు వెల 3.31 రూపాయల నుండి 4.76కు పెరిగింది. పాకిస్తాన్ తన రూపాయిని తగ్గించలేదు. ఫలితంగా 100 పాకిస్తాన్ రూపాయలు 144 భారత రూపాయలైనాయి. ఆ రేటును భారతదేశం అంగీకరించనందున వర్తకం స్తంభించింది.

దీనిని మనం కేవలం ప్రభుత్వాల తగవుగా చూడరాదు. జనపనార పండేది తూర్పు బెంగాలులో. దానిని నేసే మిల్లులు కలకత్తా చెంత హుగ్లీ తీరాన. అమ్ముకొనలేని రైతు ఒకవైపు, సరుకందని మిల్లు మరొకవైపు. రెండేండ్ల క్రిందట ఇదంతా ఒకే బజారు గదా!

1951 ఫిబ్రవరిలో భారతదేశం ఆ రేటుకు సమ్మతించింది. 1955లో పాకిస్తాన్ కూడ తన రూపాయిని తగ్గించగా రెండూ మరల సమానమైనాయి. ఈలోగా భారతదేశం జనపనార సాగును పెంచుకొన్నది. నారాయణగంజ్‌లో ఆదంజీ మిల్లు వెలసింది.