రైఫిలుకు తాళం: సేఫ్టీ క్యాచ్ ఎలా పనిచేస్తుంది?

1931లో నిజాంసాగర్ పూర్తయి కాలువల్లో నీరు పారాక నిజామాబాదు జిల్లాలో చెరకు సాగు పెరిగింది. బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ వెలిసింది. అది 2015లో మూతపడింది. అయితే చెరకు ఉన్నచోటికి అడవి పందులు రావడం మానవు. తినడానికి చెరకు, దాక్కోవడానికి తోట, రెండూ వాటికి ఒకేచోట దొరుకుతాయి మరి!

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం, పంటను పాడుచేసే పందినైనా అధికారుల అనుమతి లేకుండా చంపరాదు. అనుమతి పొందిన లైసెన్సుదారు చీకట్లో, తడి గట్ల మీద, గుండు నింపిన రైఫిలుతో నడుస్తాడు. కాలు జారితే? చెరకు ఆకు ట్రిగ్గరుకు తగులుకుంటే? అందుకే రైఫిలుకు సేఫ్టీ క్యాచ్ అమర్చారు.

ముందు రైఫిలు ఎలా పేలుతుందో చూద్దాం. లోపల ఒక ఉక్కు సూది ఉంటుంది. దాని పేరు ఫైరింగ్ పిన్. దాని వెనుక బిగిసిన స్ప్రింగు ఉంటుంది. స్ప్రింగు విచ్చుకోకుండా ఒక చిన్న కొక్కెం ఆపి ఉంచుతుంది. ట్రిగ్గరు లాగితే కొక్కెం తప్పుకుంటుంది. సూది దూసుకుపోయి తూటా అడుగున కొడుతుంది.

సేఫ్టీ క్యాచ్‌లు ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి ట్రిగ్గరును కదలనివ్వదు. రెండవది సూదినే పట్టి ఉంచుతుంది. వాలు మీద నిలిపిన చెరకు బండిని తలచుకోండి. ఎద్దుల పగ్గాలు పట్టుకోవడం మొదటి రకం. చక్రం కింద రాయి పెట్టడం రెండవ రకం. రెండవదే ఎక్కువ నమ్మదగినది. 1898 నాటి జర్మన్ మౌజర్ రైఫిలులో ఇదే ఉంది. దాని చిన్న మీట ఎడమకు ఉంటే రైఫిలు పేలుతుంది. నిలువుగా ఉంటే సూది ఆగుతుంది. బోల్టు తెరిచి తూటాలు తీసేయవచ్చు. కుడికి తిప్పితే బోల్టు కూడా బిగుసుకుంటుంది.

ఇప్పుడు ఒక చిన్న లెక్క. క్యాచ్ వేయని రైఫిలు మడమ కిందుగా మీటరు ఎత్తునుంచి రాతిమీద పడి, ఒక సెంటీమీటరులో ఆగిందనుకోండి. మీటరులో వచ్చిన వేగం అందులో నూరోవంతు దూరంలోనే పోవాలి. కనుక ఆపే త్వరణం గురుత్వ త్వరణానికి సుమారు 100 రెట్లు! రైఫిలు ఆగినా, జడత్వం వల్ల ట్రిగ్గరు ముక్క మడమవైపు సాగిపోవాలని చూస్తుంది. దాని బరువు 10 గ్రాములైతే, కిలో బరువుతో లాగినంత బలం! తేలికగా కదిలే ట్రిగ్గరుకు అది చాలు. వేలు తగలకుండానే రైఫిలు పేలవచ్చు. అదే మెత్తటి మట్టిలో 10 సెంటీమీటర్లు దిగబడితే? ఆ బలం ఎంతో మీరే లెక్కకట్టండి.

మరి క్యాచ్ వేస్తే భయం లేదా? ఉంది. ఇనుము అరుగుతుంది, తుప్పు పడుతుంది, బురద చేరుతుంది. గుండు రెండు కిలోమీటర్లు దాటి పోగలదు. దానికి చెరకు తోట గోడ కాదు, తెర మాత్రమే. ఆ తెర వెనుక నీరు పెట్టే రైతు ఉండవచ్చు, చెరకు కొట్టే కూలీ ఉండవచ్చు. కనుకనే తెలిసినవారు క్యాచ్ వేసి ఉన్నా గొట్టాన్ని మనిషివైపు తిప్పరు. గురి కుదిరేదాకా ట్రిగ్గరు మీద వేలు వేయరు. గట్టు దాటేముందు తూటాలు తీసేస్తారు.

మీకు ఎక్కడైనా తుపాకి కనిపిస్తే ముట్టుకోకండి. దూరంగా జరిగి పెద్దలకు చెప్పండి. "ఖాళీదేలే" అని ఎవరన్నా నమ్మకండి.