పాత పికప్ బండికి కొత్త బ్రేకులు : ఒక పరిశీలన

తెలుగు బోధించే అధ్యాపకులు మోటారు బండి బ్రేకులను గురించి వ్యాసం వ్రాయడమేమని విద్యార్థి మిత్రులు ఆశ్చర్యపడవచ్చు. ఛందస్సును గురించి గాని, ప్రబంధాలను గురించి గాని వ్రాయవలసిన చోట ఈ విషయాన్ని ఎన్నుకొనడానికి కారణం మా ఇంటిలోనే కలదు. భౌతికశాస్త్ర పుస్తకంలో పాస్కల్ నియమాన్ని చదివి, పరీక్షలో వ్రాసి, అంతటితో మరచిపోయిన వారిలో మేమూ ఒకరము. ఆ నియమం ఒక మామిడికాయల బండి రూపంలో మరల మా యెదుట నిలిచింది.

మా తమ్మునికి ఒక పాత డీజిల్ పికప్ బండి ఉన్నది. జీపు వంశానికి చెందినది. ముందు భాగం జీపు, వెనుక భాగం తొట్టి. దానితోనే అతని కుటుంబం గడుస్తున్నది. ఒక వేసవిలో కాయల లోడుతో రాయచోటి నుండి కడపకు వస్తూ గువ్వలచెరువు కనుమ దిగుతుండగా బ్రేకు పెడలు ఒక్కసారిగా నేలకు తగిలింది. మరల తొక్కినాడు. కాలి క్రింద ఏమీ లేదు. అదృష్టవశాత్తు బండి రెండవ గేరులో ఉన్నది. అతడు హ్యాండ్ బ్రేకును బలంగా లాగి, బండిని కొండ వైపు గట్టుకు ఆనించి నిలిపినాడు. ఒక మడ్‌గార్డు, నాలుగు పెట్టెల కాయలు పోయినవి. మనిషికి దెబ్బ తగలలేదు. ఆ రాత్రి ఇంటికి వచ్చి, "భయ్యా, చెయ్యి పని చేసింది, కాలు పని చేయలేదు" అన్నాడు. ఈ వ్యాసమంతయు ఆ ఒక్క వాక్యానికి వ్యాఖ్యానమే అనుకొన్నను తప్పులేదు.

కాలు ఎందుకు పని చేయలేదు? పాత జీపులలో పెడలు క్రింద, నేల రేకుకు అడుగున, చాసిస్‌కు బిగించిన ఒక మాస్టర్ సిలిండర్ ఉంటుంది. పెడలు తొక్కినప్పుడు దానిలోని పిస్టన్ ముందుకు జరిగి బ్రేకు ఆయిల్‌ను నెడుతుంది. ఆ ఒత్తిడి ఇనుప గొట్టాల ద్వారా, రబ్బరు హోసుల ద్వారా నాలుగు చక్రాలకు చేరి, అక్కడి వీల్ సిలిండర్లను తెరచి, బ్రేకు షూలను డ్రమ్ముకు అదుముతుంది. మూసి ఉన్న ద్రవంలో ఒక చోట కలిగించిన పీడనం అన్ని దిక్కులకు తగ్గకుండ ప్రసరిస్తుందనునదే పాస్కల్ నియమం. అమెరికాలో 1921లో డ్యూసెన్‌బర్గ్ కారు నాలుగు చక్రాలకు ఈ పద్ధతిని అమర్చుకొని మార్కెట్టులోనికి వచ్చింది.

అయితే ఈ నియమానికి ఒక రెండవ ముఖం కలదు. ద్రవం మూసి ఉన్నంతవరకే పీడనం. ఎక్కడ ఒక్క రంధ్రం పడినను పీడనమంతయు ఆ దారినే పోతుంది. పాత పద్ధతిలో నాలుగు చక్రాలకు ఒకటే సిలిండర్, ఒకటే ద్రవమార్గం. వెనుక ఇరుసు వద్ద ఒక హోసు పగిలితే ముందు చక్రాలు కూడ అనాథలవుతాయి. మా బండిలో జరిగినది అదే. కాగా హ్యాండ్ బ్రేకుకు ఆయిల్‌తో సంబంధమే లేదు. అది ఆ జీపులలో చక్రాల మీద గాక, గేరు పెట్టె వెనుక ప్రొపెల్లర్ షాఫ్టు మీద ఒక చిన్న డ్రమ్మును పట్టుకొంటుంది. లాగేది వట్టి తీగ. ఆ తీగ వేరుగా ఉండుటచేతనే మా తమ్ముడు మిగిలినాడు.

హోసు ఎందుకు పగిలినదో తెలిసిన తరువాత మాకు మరింత భయం వేసింది. కోసి చూడగా లోపలి రబ్బరు నానిన బెల్లంవలె మెత్తబడి ఉబ్బి ఉన్నది. మాస్టర్ సిలిండర్‌లోని రబ్బరు కప్పులు కూడ ఉబ్బినవి. కొన్ని నెలల క్రితం దారిలో ఒక దుకాణంలో ఆయిల్ తగ్గినదని చెప్పి ఇంజన్ ఆయిల్ పోసినారట. బ్రేకు ఆయిల్ పేరుకు ఆయిలే గాని అది ఖనిజ తైలం కాదు. దానికి అనుగుణంగా చేసిన రబ్బరు ఇంజన్ ఆయిల్ తగిలితే ఉబ్బి చెడుతుంది. పేరులోని ఆ ఒక్క పదం ఎంతమందిని మోసగించినదో! మాటలతో జీవించే మాకు ఈ సంగతి కొంత సిగ్గును కూడ కలిగించింది.

బండిని అమ్మివేయాలని ఇంటిలో కొందరు అన్నారు. ఆ ధరకు ఎవరు కొంటారు, కొన్నవాడు మాత్రం ఏ కనుమలో దిగుతాడు అని అమ్మ అడిగింది. చివరకు మా పెరటిలోనే, మా చాచా స్నేహితులైన ఒక వృద్ధ ఉస్తాద్‌గారి పర్యవేక్షణలో, బ్రేకులను మార్చాలని నిశ్చయించుకొన్నాము.

మా తమ్ముని కోరిక రెండు వస్తువుల మీద ఉన్నది: ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు, పెడలుకు బూస్టరు. ఉస్తాద్‌గారు రెండింటిని ప్రక్కకు పెట్టినారు. "ముందు ఇంటిని రెండు గదులు చేయండి. తరువాత సున్నం వేసుకోవచ్చు" అన్నారు. ఆయన చెప్పిన గదులు టాండెమ్ మాస్టర్ సిలిండర్‌లోనివి. దీనిలో ఒకే గొట్టంలో ఒకదాని వెనుక ఒకటిగా రెండు పిస్టన్లు, రెండు ఆయిల్ అరలు ఉంటాయి. ఒక అర ముందు చక్రాలకు, మరొకటి వెనుక చక్రాలకు. ఒక మార్గం తెగినచో ఆ అరలోని పిస్టన్ ఖాళీగా జరిగిపోయి అడ్డు తగులుతుంది, అక్కడి నుండి రెండవ మార్గం పని చేస్తుంది. పెడలు సగం దూరం వట్టిగా దిగుతుంది, కాని మిగిలిన సగంలో రెండు చక్రాలు పట్టుకొంటాయి. 1962లో కెడిలాక్ కార్లు ఈ ఏర్పాటును చేసుకొన్నవి. అమెరికాలో 1968 నుండి ప్రయాణికుల కార్లకు దీనిని చట్టం నిర్బంధం చేసింది.

సిలిండర్‌ను ఎన్నుకొనునప్పుడు లెక్క అవసరమైనది. కాలు 25 కిలోల బలంతో తొక్కిందనుకొందాము. పెడలు తులాదండంవలె దానిని ఆరు రెట్లు చేసినచో పిస్టన్ మీద 150 కిలోలు పడుతుంది. పిస్టన్ వ్యాసం 25 మిల్లీమీటర్లయితే వైశాల్యం 4.9 చదరపు సెంటీమీటర్లు, పీడనం చదరపు సెంటీమీటరుకు సుమారు 30 కిలోలు. వ్యాసాన్ని 22 మిల్లీమీటర్లకు తగ్గిస్తే అదే కాలికి పీడనం 39 కిలోలు దాటుతుంది. అయితే చిన్నదే మేలు గదా అని తొందరపడరాదు. అంతే ఆయిల్‌ను నెట్టడానికి చిన్న పిస్టన్ దాదాపు 30 శాతం ఎక్కువ దూరం జరగాలి. పెడలుకు అంత చోటు లేకపోతే షూలు డ్రమ్మును చేరకముందే పెడలు నేలను చేరుతుంది. కనుక పాత సిలిండర్ వ్యాసమెంతో కొలిచి, అంతే వ్యాసం గల టాండెమ్ సిలిండర్‌ను తెచ్చుకొన్నాము.

బూస్టరును గురించి ఒక్క మాట. అది కాలి శ్రమను తగ్గించునే గాని పగిలిన హోసును అతికించదు. పైగా పెట్రోలు ఇంజన్‌లో సహజంగా లభించే శూన్యపీడనం డీజిల్ ఇంజన్‌లో ఉండదు. దానికి ఆల్టర్నేటరు వెనుక వాక్యూమ్ పంపు వంటిది వేరుగా కావాలి. ఆ ఖర్చు ఇప్పుడు వద్దనుకొన్నాము.

డిస్కు సంగతి అట్లు కొట్టివేయదగినది కాదు. బ్రేకు పని బండి చలనాన్ని వేడిగా మార్చడం. లోడుతో 2000 కిలోల బరువున్న బండి గంటకు 60 కిలోమీటర్ల వేగం నుండి ఆగినప్పుడు పుట్టే వేడితో ఇంచుమించు ఒక లీటరు చన్నీటిని మరిగించవచ్చు. వేగం రెట్టింపయితే నాలుగు లీటర్లు. కనుమలో లెక్క ఇంకను పెద్దది. అదే బండి నిలువున 100 మీటర్లు దిగితే, వేగం పెరగకుండ పట్టినందుకే, ఆరున్నర లీటర్ల నీటిని మరిగించునంత వేడి ఎక్కడికో పోవాలి. చిన్న గేరులో దిగితే చాలా భాగం ఇంజన్ భరిస్తుంది. న్యూట్రల్‌లో దిగితే అంతయు డ్రమ్ముల మీదనే. డీజిల్ మిగులుతుందని కనుమలో గేరు తీసివేసే డ్రైవర్లు ఈ ఆరున్నర లీటర్లను ఒకసారి తలచుకొనవలసినది. డ్రమ్ము వేడెక్కితే వ్యాకోచించి షూకు దూరమవుతుంది. డిస్కు వేడెక్కితే ప్యాడ్లకు దగ్గరగానే వస్తుంది. అది గాలికి తెరచి ఉండుటచే త్వరగా చల్లబడుతుంది, నీటిలో తడిసినను త్వరగా ఆరుతుంది. 1953లో లే మాన్స్ పందెంలో జాగ్వార్ కార్లు డిస్క్ బ్రేకులతో గెలిచిన తరువాత వీటికి ప్రసిద్ధి కలిగింది.

మరి ఎందుకు అమర్చలేదు? డిస్కును పట్టే కాలిపర్ ముందు ఇరుసుకు ఒక బ్రాకెట్‌తో బిగుస్తుంది. మా ఊరిలో ఒకరు ఇనుప పలకను కోసి వెల్డింగ్ చేసి ఇస్తామన్నారు. ఆపునప్పుడు చక్రం బలమంతయు ఆ బ్రాకెట్ మీదనే పడుతుంది. అది విరిగితే కాలిపర్ చక్రంలో చిక్కుకొంటుంది. "ఎవరో కోసిన పలకకు నీ తమ్ముని ప్రాణం కడతావా?" అని ఉస్తాద్‌గారు అడిగినారు. మేము మారు పలుకలేదు. ఇంకొక చిక్కు కూడ ఉన్నది. మాస్టర్ సిలిండర్ నేల క్రింద, కాలిపర్ల కంటె పల్లంలో ఉన్నప్పుడు ఆయిల్ వెనుకకు జారిపోకుండ మార్గంలో స్వల్ప పీడనాన్ని నిలిపే కవాటం కావాలి. డిస్కుకు చదరపు అంగుళానికి 2 పౌన్లు, డ్రమ్ముకు 10 పౌన్ల కవాటాలు వాడుతారు. డ్రమ్ముది డిస్కుకు పెడితే ప్యాడ్లు ఎల్లవేళలా రాసుకొంటూ ఉంటాయి. అదీగాక 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను వాహన నిర్మాణంలో మార్పులను కట్టడి చేస్తున్నది. ఇది కిరాయి బండి, ఫిట్‌నెస్ పరీక్షకు పోవలసినది. కావున ఏ మార్పునకైనను ముందుగా రవాణా కార్యాలయంలో విచారించడం మంచిది. మేము టాండెమ్ సిలిండర్‌ను గురించి అడిగే వచ్చినాము.

పని రెండు ఆదివారాలు పట్టింది. చక్రాలకు అడ్డు రాళ్ళు పెట్టి, జాకీని నమ్ముకొనక చాసిస్ క్రింద దృఢమైన స్టాండ్లు నిలిపినాము. డ్రమ్ములు విప్పినప్పుడు ధూళిని నోటితో గాని గాలి పైపుతో గాని ఊదరాదు. పాత లైనింగులలో ఆస్‌బెస్టాస్ ఉండేది, ఆ ధూళి ఊపిరితిత్తులకు హాని. తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డను కట్టి పారవేసినాము. ఇంజన్ ఆయిల్ తగిలిన రబ్బరు భాగాలన్నీ, చూపునకు బాగున్నవి సైతం, తీసివేసినాము. ఇనుప గొట్టాలను కొత్తవి వేసినాము. రాగి గొట్టం వంచడానికి సులువని కొందరు సలహా ఇచ్చినారు గాని అది అదురుటచే పెళుసుబారి పగులుతుంది. గొట్టం కొనను రెండు మడతలుగా విప్పే పనికి మాత్రం పనిముట్టు లేక షెడ్డుకు పంపినాము. ఆయిల్ డాట్ 4 రకం. కొత్తగా ఉన్నప్పుడు దాని మరుగు స్థానం కనీసం 230 డిగ్రీలు, గాలిలోని తేమను పీల్చిన తరువాత 155 డిగ్రీలకు దిగవచ్చు. మరిగిన ఆయిల్ ఆవిరి అవుతుంది. ఆవిరి నొక్కుకొనిపోతుంది గాని షూను నెట్టదు. అందుచేతనే రెండేండ్లకొకసారి మార్చమంటారు.

గాలి తీసే పని పిల్లలకు పండుగ అయినది. మా తమ్ముని కుమారుడు పెడలు మీద, మేము చక్రం వద్ద. దూరపు చక్రంతో మొదలు. "దబా" అంటే వాడు తొక్కి పట్టాలి, మేము నిప్పిల్ వదులు చేసి, బుడగలు పోగానే బిగించి "ఛోడ్" అనాలి. మాట ముందు వెనుకలయితే గాలి మరల లోపలికి పోతుంది. వాడు రెండు సార్లు తొందరపడినాడు, మేము మూడు సార్లు.

పెడలు రాయివలె గట్టిపడింది. సంతోషంతో నాలుగు కిలోమీటర్లు ఖాళీ రోడ్డు మీద తిప్పి తెచ్చినాడు. ఇంటికి వచ్చునప్పటికి బండి బరువుగా లాగుతున్నది. డ్రమ్ము మీద నీటి చుక్క వేస్తే చుయ్యిమన్నది. మేము షూలను అనుమానించినాము. ఉస్తాద్‌గారు ఏమియు మాట్లాడక ఒక నిప్పిల్ వదులు చేసినారు. ఆయిల్ చిమ్మి చక్రం తేలికగా తిరిగింది. అనగా కాలు తీసినను పీడనం లోపలనే నిలిచి ఉన్నది. మాస్టర్ సిలిండర్‌లో ఆయిల్ పాత్రకు పోయే సూదిమొనంత రంధ్రం ఒకటి ఉంటుంది. పెడలు పూర్తిగా వెనుకకు వచ్చినప్పుడే అది తెరచుకొని, వేడికి వ్యాకోచించిన ఆయిల్‌ను వెనుకకు పోనిస్తుంది. మేము పుష్‌రాడ్‌ను బిగువుగా అమర్చుటచే పిస్టన్ వెంట్రుకవాసి ముందే ఆగి రంధ్రాన్ని మూసినది. రాడ్‌ను రెండు చుట్లు కురచ చేసి, పెడలుకు సెంటీమీటరు పైగా వట్టి కదలిక ఇచ్చినాము. చక్రాలు చల్లగా తిరిగినవి. గట్టి పెడలే మంచి బ్రేకని మేము పడిన సంబరం ఆ నీటి చుక్కతో ఆవిరైనది.

చివరి పరీక్షను ఉస్తాద్‌గారే పెట్టినారు. పెరటిలో, నడక వేగంతో, వెనుక చక్రం నిప్పిల్‌ను వదులు చేసి దానికి గొట్టం తగిలించి సీసాలో పెట్టి, బ్రేకు తొక్కమన్నారు. పెడలు సగం దిగింది. ఆ సగంలో మా తమ్ముని ముఖం మేము చూచినాము. కనుమలో ఎట్లుండెనో అప్పుడు తెలిసింది. తరువాత ముందు చక్రాలు పట్టుకొన్నవి, బండి ఆగింది.

మరల గాలి తీసి, ఆయిల్ నింపి, బండిని ఫిట్‌నెస్ పరీక్షకు పంపినాము. నేల రేకులో మాస్టర్ సిలిండర్ మీద ఒక చిన్న మూత ఉన్నది. ఇన్నాళ్ళు దాని మీద రబ్బరు చాప పరచి ఉండుటచే ఎవరూ తెరచి చూడలేదు. ఇప్పుడు ఆ చాపను మూత మేరకు చతురస్రంగా కోసి తీసివేసినాము. మా తమ్ముడు ప్రతి శుక్రవారం నమాజుకు పోయే ముందు ఆ మూత తీసి రెండు అరలలోను ఆయిల్ ఎంత ఉన్నదో చూస్తున్నాడు.