మదనపల్లె పాటల సభలో ఐర్లండు ఉపాధ్యాయులు

ఆదోని, ఎమ్మిగనూరు విద్యార్థులు ప్రతి సభలోను పాడు జాతీయగీతమునకు మన రాయలసీమతో గల సంబంధము కొందరికే తెలియును. 1919 ఫిబ్రవరి 28న మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలలో, ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ కోరికపై, అతిథియైన రవీంద్రనాథ ఠాకూరు 1911లోనే తొలిసారి పాడబడిన తన 'జనగణమన'ను వంగభాషలో ఆలపించెను. ఆ భాష నెరుగని సభికులును పల్లవికి గొంతు కలిపిరి.

కజిన్స్ దంపతులు ఐర్లండు వారు. సంగీత పట్టభద్రురాలగు మార్గరెట్ కజిన్స్ ఆ బాణీని పాశ్చాత్య స్వరలిపిలో వ్రాసెను. కవి అక్కడనే గీతమును ఆంగ్లీకరించెను. పరాయి పాటను విని మెచ్చుకొనుట అతిథి మర్యాద. ఆమె చేసినది అంతకు మించిన పని అని మా అభిప్రాయము.

మన వార్షికోత్సవములలో వినబడు ఉర్దూ ఖవ్వాలీలకు, తెలుగు జానపద గీతములకు స్వరము వ్రాయించి గ్రంథాలయమున ఉంచుట ఈ యేడే ఆరంభింపవలెనని కమిటీవారిని కోరుచున్నాము.