సేద్యములో ముసలితల్లి భాగము



ఈ నెల పాఠము విత్తనమును గూర్చినది కాదు. ఎరువును గూర్చినదియు కాదు. మన చేనిలో నలుబది యేండ్లు పాటుపడి, తుదకు పిడికెడు గింజలకై చేయి చాచవలసివచ్చు ముసలితల్లిని గూర్చినది. ఇదియు సేద్యపు లెక్కయే. శ్రద్ధతో చదువ వేడుచున్నాను.

కర్నూలు, కడప మెట్టచేలలో గొర్రు తోలువాడు పురుషుడైనను, జడ్డిగములో గింజలు విడుచునది స్త్రీయే. కలుపు తీయుట, పత్తి యేరుట, వేరుసెనగకాయ లొలుచుట, పశువులకు మేత వేయుట, విత్తనము దాచుట, ఇవన్నియు ఆమె చేతిమీదుగనే జరుగును. అట్లయినను పట్టాదారు పుస్తకములో ఆమె పేరు తరచుగా నుండదు. ఈ తప్పు నేనును చేసితిని. ప్రదర్శన క్షేత్రమునకు రైతు పేరు వ్రాసికొనునపుడు, ఏ పదునులో ఏ గింజ వేయవలెనో చెప్పినది ఇల్లాలే యైనను, భర్త పేరే వ్రాసికొంటిని. పొలము పేరున లేనివారికి పంట అప్పు పుట్టుట కష్టము. సభ్యత్వము లేనివారికి సంఘములో ఓటు లేదు.

భార్య సామాన్యముగ భర్తకంటె వయసున చిన్నది. పైగా స్త్రీల ఆయుర్దాయ మధికము. కావున ఒంటరిగా గడుపవలసిన యేండ్లు ఆమెకే యెక్కువ. 2011 జనగణనలో మన దేశమున అరువది యేండ్లు నిండినవారు 10 కోట్లకు పైగా నుండిరి. వారిలో స్త్రీలే అధికులు. కూలియు పింఛనును ఎరుగక ఇంటిపొలములో పనిచేసిన స్త్రీలకు, ఇతర బీదదేశములలోను ముసలితన మిట్లే సంకటమగుచున్నది.

మన సీమలో వానలు తప్పుట దీనికి తోడయినది. కోసిగి ప్రాంతమునుండి కొడుకులు కోడండ్రు గుంటూరు మిరపకోతలకు వలస పోవుదురు. కడప ప్రాంతమునుండి కువైటు పోవువారును గలరు. ఇంట మిగులునది అవ్వయు మనుమలును. ఇల్లు నడుపు భారము ఆమెది. రొక్కము మాత్రము ఆమె చేత నుండదు.

ఇక చట్టము చూతము. 1937 నాటి చట్టము హిందూ విధవకు జీవితకాలపు అనుభవమునే యిచ్చెను. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము సంపూర్ణ హక్కు నిచ్చెను. 2005 సవరణతో కుమార్తెలును పిత్రార్జితమున కుమారులతో సమానులైరి. అయినను లెక్క కట్టి చూడుడు.

ఒక రైతునకు భార్య, ఇద్దరు కుమారులు, ఒక కుమార్తె గలరు. ఆతని తల్లి లేదు. ఆరెకరములు స్వార్జితమై, వీలునామా లేక ఆతడు చనిపోయినచో, నలుగురికి తలకు ఎకరమున్నర వచ్చును. తల్లి జీవించియున్నచో ఆమెకును సమభాగమే. అప్పుడు తలకు ఎకరము 20 సెంట్లు.

ఆ యారెకరములే పంపకము కాని పిత్రార్జితమైనచో, తండ్రికిని ముగ్గురు బిడ్డలకును ముందుగా తలకు ఎకరమున్నర. తండ్రి భాగమైన ఆ యెకరమున్నర మరల భార్యకును బిడ్డలకును నాలుగు భాగములగును. అనగా భార్యకు 37½ సెంట్లు! ఆ మెట్టలో ఒక ముసలమ్మ ఏమి పండించి తినగలదు? ముస్లిము కుటుంబములలో బిడ్డలున్నచో భార్యకు ఎనిమిదవ వంతు.

కావున చేయవలసినవి:

1. బ్రతికియుండగనే భార్య పేర కొంత పొలము వ్రాయుడు. హిందూ రైతు తన భాగమంతయు ఆమెకు వీలునామా వ్రాయవచ్చును. దానికి స్టాంపు కాగితము అక్కరలేదు. ఇద్దరు సాక్షులు చాలును. రిజిస్టరు చేయించుట మేలు.

2. బిడ్డలకు దానపత్రము వ్రాయునపుడు, తల్లిదండ్రులను పోషింపవలెనను షరతు అందులోనే వ్రాయించుడు. అది తప్పినచో, 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టము క్రింద, ఆర్డీవో అధ్యక్షుడుగా నుండు ట్రిబ్యునలు ఆ పత్రమును రద్దు చేయగలదు.

3. సంఘపు వాటాధనమునకు భార్యను నామినీగా వ్రాయించుడు. ఆమె పేర పొలమున్నచో ఆమెను సభ్యురాలిగ చేర్పించుడు.

4. తండ్రి పోయిన దుఃఖములో తల్లిచేత హక్కు విడుదల పత్రముపై వేలిముద్ర వేయింపకుడు. తల్లులారా, చదివించుకొనక వేలు పెట్టకుడు.

5. పింఛనుకు ఆధారు కార్డులో వయస్సు సరిచూచుకొనుడు. 1995లో కేంద్రప్రభుత్వము నెలకు 75 రూపాయలతో వృద్ధుల పింఛను నారంభించెను. మన రాష్ట్రములో వృద్ధులకును వితంతువులకును అది 2024 జూలైలో 4,000 రూపాయ లయ్యెను. ఆ పైకము ముసలిదాని కొంగుననే యుండవలెను. ఇంటి బాకీలకు లాగుకొనరాదు.

“కొడుకులు చూడరా?” అని కొంద రడుగుదురు. చూచు కొడుకు లనేకులు గలరు. కాని కరువేట మంచి కొడుకు చేయియు ఖాళీయే. ఎంత కరువైనను విత్తనపు గాదె తాకకుండ దాచుదుము గదా! ఇంటి తల్లికిని అట్లే కొంత దాచుట రైతు ధర్మము. ఈ పత్రిక ముగించిన వెంటనే మీ పట్టాదారు పుస్తకము తెరచి, అందెవరి పేరున్నదో చూడుడు.