ఎరువు పైరుకా, నేలకా?

అమ్మానాన్నల బదిలీలతో ఊళ్ళు మారుతూ మనలో చాలామందిమి పుదుచ్చేరి చేరాం. ఊరు మారినప్పుడు మట్టి కూడా మారుతుందని గమనించామా? పట్టణానికి ఉత్తరాన కాలాపట్టు వైపు ఎర్రమట్టి కనిపిస్తుంది. దక్షిణాన బాహూరు చెరువు కింద వరి పొలాలున్నాయి. పుదుచ్చేరిలో భాగమైన యానాంది గోదావరి ఒండ్రు నేల. వీటన్నిటికీ ఒకే ఎరువు, ఒకే మోతాదు సరిపోతుందా?

మొక్కకు ఎక్కువగా కావలసిన పోషకాలు మూడు. నత్రజని ఆకులను పెంచుతుంది. భాస్వరం వేర్లకు, గింజకు బలమిస్తుంది. పొటాష్ కాండాన్ని గట్టిపరచి, తెగుళ్ళను తట్టుకునే శక్తినిస్తుంది.

ఇప్పుడొక చిన్న లెక్క చేద్దాం. యూరియాలో నత్రజని 46 శాతం. అంటే 45 కిలోల బస్తాలో సుమారు 20.7 కిలోలు. పశువుల ఎరువులో ఉండేది దాదాపు 0.5 శాతమే. ఒక్క బస్తా యూరియా ఇచ్చే నత్రజని కోసం నాలుగు టన్నులకు పైగా పశువుల ఎరువు తోలాలి!

మరి మన తాతలు అంత కష్టపడి ఎందుకు తోలేవారు? యూరియా పైరుకు తిండి పెడుతుంది. పశువుల ఎరువు నేలకు కూడా పెడుతుంది. అది ఇసుక నేలలో తేమను నిలుపుతుంది, బంకమట్టిని గుల్లబరుస్తుంది, వానపాములను, సూక్ష్మజీవులను పోషిస్తుంది. యూరియా మోతాదు మించితే వరి ఏపుగా పెరిగి పడిపోతుంది. మిగిలిన నత్రజని నైట్రేట్‌గా మారి భూగర్భ జలాల్లోకి దిగుతుంది. ఏళ్ళు గడిచేకొద్దీ నేలలో ఆమ్లత్వం పెరుగుతుంది.

మన దేశంలో దీర్ఘకాలిక ఎరువుల ప్రయోగాలు ఎన్నో ఏళ్ళుగా జరుగుతున్నాయి. హిమాచల్ ప్రదేశ్‌లోని పాలంపూర్‌లో ఏటా నత్రజని ఒక్కటే వేసిన మళ్ళలో చివరికి పంటే పండలేదు. మూడు పోషకాలతో పాటు పశువుల ఎరువు కూడా వేసిన మళ్ళు మాత్రం మంచి దిగుబడినిస్తూ వచ్చాయి. కాబట్టి రసాయన ఎరువు శత్రువు కాదు. అదొక్కటే చాలుననుకోవడమే పొరపాటు.

ఇంట్లో మనమూ ఒక పరీక్ష చేయవచ్చు. అడుగున చిల్లులున్న రెండు డబ్బాలు తీసుకుని, ఒకదానిలో ఇసుక మట్టి, రెండోదానిలో అదే మట్టికి వానపాముల ఎరువు కలిపి నింపుదాం. రెండింటిలో సమానంగా నీళ్ళు పోసి, కిందికి దిగిన నీటిని కొలుద్దాం. తేడా మన కళ్ళకే కనిపిస్తుంది.

రైతుకు మాత్రం భూసార పరీక్షే దారి చూపుతుంది. 2015 నుంచి కేంద్ర ప్రభుత్వం అందిస్తున్న నేల ఆరోగ్య కార్డులో ఏ పోషకం ఎంత ఉందో, ఎరువు ఎంత వేయాలో ఉంటుంది.

రేపు బదిలీ అయితే మనం ఇంకో ఊరు వెళ్తాం. బాహూరు రైతు మాత్రం వచ్చే ఏడూ ఆ మడిలోనే నాట్లు వేయాలి.