ఎలియట్ బైబిలు (1663)

ఇంగ్లండు నుండి 1631లో మాసచూసెట్స్ వలసకు చేరి, రాక్స్‌బరీలో ధర్మబోధకుడై స్థిరపడిన జాన్ ఎలియట్, ఆ ప్రాంతపు ఆదిమజనులైన వాంపనోగుల భాషను శ్రమించి అభ్యసించి, స్థానికుల సాహాయ్యముతో బైబిలును అందులోనికి అనువదించెను. కేంబ్రిడ్జి పట్టణమున 1661లో కొత్త నిబంధనయు, 1663లో సంపూర్ణ గ్రంథమును వెలువడినవి. అమెరికా ఖండములలో ముద్రితమైన మొట్టమొదటి సమగ్ర బైబిలు ఇదియే యనునది ముఖ్యముగా గుర్తుంచుకొనదగినది. అచ్చుపనిలో పాల్గొన్న నిప్మక్ జాతీయుడు జేమ్స్ ప్రింటర్ పేరు పాఠ్యగ్రంథములలో అరుదుగా కనబడుట విచారకరము. ఆదిమజనులకును ఆంగ్ల వలసవారికిని నడుమ 1675లో చెలరేగిన కింగ్ ఫిలిప్ యుద్ధమున ప్రతులు పెక్కు నశింపగా, 1685 నాటికి ద్వితీయ ముద్రణము పూర్తియయ్యెను. పందొమ్మిదవ శతాబ్దమున మాటలాడువారు లేక మూగవోయిన వాంపనోగుల భాషను, 1993లో జెస్సీ లిటిల్ డో బెయర్డ్ ప్రారంభించిన పునరుద్ధరణోద్యమము, ఈ గ్రంథమును ప్రధానాధారములలో నొకటిగా గొని, నేడు బాలబాలికలకు నేర్పుచున్నది.